ఇంట్లో ట్యూనా నూడుల్స్ క్యాసరోల్: ఓవెన్ లేకుండా, డబ్బా సూప్ లేకుండా చేయడం ఎలా?

పటమట_వంటిల్లు
మా అమ్మాయి ఒహైయోలో చదువు ముగించుకొని విజయవాడకు తిరిగి వచ్చింది. అక్కడ తాను అద్దెకున్న ఇంటి పెద్దావిడ చలి రోజుల్లో ట్యూనా నూడుల్స్ క్యాసరోల్ అనే వంటకం, అంటే ట్యూనా చేప, నూడుల్స్ చిక్కటి సాస్‌లో కలిపి ఓవెన్‌లో కాల్చినది, చేసి పెట్టేవారట. జ్వరం తగ్గి లేచిన రోజైనా, పరీక్ష సరిగా రాయలేదని దిగులుపడ్డ రోజైనా అదే తిని పడుకునేదాన్నని చెబుతుంది. ఇప్పుడు ఇంట్లో అది కావాలని అడుగుతోంది. నేను దగ్గర లేని రోజుల్లో నా బిడ్డ కడుపు నింపిన వంట కాబట్టి, దానిని సరిగ్గా నేర్చుకోవాలని నాకు గట్టిగా ఉంది.

వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఎక్కడ చూసినా ఈ వంటకం డబ్బా పుట్టగొడుగుల సూప్‌తో, గుడ్డు నూడుల్స్‌తో మొదలవుతోంది. బెంజి సర్కిల్ దగ్గర పెద్ద దుకాణాలన్నీ తిరిగితే ట్యూనా డబ్బాలు దొరికాయి గానీ, ఆ రెండూ దొరకలేదు. మా ఇంట్లో ఓవెన్ లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మా అత్తగారిది. చేపను పాలతో కలిపి వండడానికి వీల్లేదని, బొల్లి వస్తుందని ఆవిడ పట్టుబట్టారు. ఆవిడ మాట తోసేసి వండడం నాకు ఇష్టం లేదు. తెలిసినవారు దారి చూపగలరు.

రాత్రి_భోజనం
ప్యాకెట్ నూడుల్స్ ఉడికించి, పైన చీజ్ తురిమి, ట్యూనా కలిపితే సరిపోతుంది కదా. ఇంత శ్రమ దేనికి?

తెల్లకవ్వం
@రాత్రి_భోజనం గారు, అలా చేసింది తినడానికి బాగానే ఉంటుంది, కానీ అది ఈ వంటకం కాదు. ఇందులో ప్రాణమంతా సాస్‌లో ఉంది. నూడుల్స్ మధ్య సాస్ నిండుగా నిలిచి, చెంచాతో తీస్తే ముద్దగా కలిసి రావాలి. పూర్తి పద్ధతి రాత్రికి తీరికగా రాస్తాను.

బ్రాడీపేట_పాఠకుడు
ఆ డబ్బా సూప్ అసలు ఏమిటో తెలిస్తే, దానికి బదులు ఏం వాడాలో సులువుగా తెలుస్తుంది. క్యాంప్‌బెల్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్తగా ఉన్న జాన్ డోరెన్స్ 1897లో, నీరు బాగా తగ్గించి చిక్కబరచిన సూప్‌ను తయారు చేసే పద్ధతిని రూపొందించారు. అదే కంపెనీ 1934లో పుట్టగొడుగుల క్రీమ్ సూప్‌ను బజారులోకి తెచ్చింది. అక్కడి ఇల్లాళ్లు దానిని నీళ్లు కలిపి తాగడానికే కాక, కలపకుండా సాస్‌కు బదులుగా కూడా వాడడం మొదలుపెట్టారు. డబ్బా సూప్, డబ్బా చేప, ఎండు నూడుల్స్ మూడూ అలమరలో నెలల తరబడి నిలవ ఉండేవే. బజారుకు వెళ్లే పని లేకుండా ఇంటిల్లిపాదికీ వేడి భోజనం సిద్ధమవుతుంది కాబట్టి 1950లలో ఈ వంటకం అమెరికా ఇళ్లలో బాగా పాతుకుపోయింది.

కాబట్టి ఆ డబ్బాలో ఉన్నది పుట్టగొడుగులు వేసిన చిక్కటి తెల్ల సాస్ తప్ప మరేమీ కాదు. అది మన పొయ్యి మీద, మన పాలతో, అంతకంటే మంచి రుచితో తయారవుతుంది. డబ్బా దొరకలేదని చింతించవలసిన పని లేదు.

పిండిచేతులు
గుడ్డు నూడుల్స్ గురించి కూడా చింతించవద్దు. 200 గ్రాముల మైదా, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు కలిపి, నీళ్లు పోయకుండా గట్టి ముద్దగా పిసకండి. మొదట పిండి అసలు కలవదనిపిస్తుంది. తొందరపడి నీళ్లు చిలకరించకుండా మరి కాసేపు అరచేతి కింది భాగంతో ఒత్తితే నునుపుగా వస్తుంది. అరగంట మూత పెట్టి ఉంచి, చపాతీ పీట మీద వీలైనంత పలుచగా ఒత్తి, పొడి పిండి చల్లి, చాపలా చుట్టి, చాకుతో వేలి వెడల్పున కోయండి. విప్పి పళ్లెంలో పరిస్తే పది నిమిషాల్లో తడి ఆరుతుంది. మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు చాలు. నాలుగు మనుషుల కుటుంబానికి ఈ కొలత సరిపోతుంది.

చిన్నప్రశ్న
అంత ఓపిక లేనివారు హక్కా నూడుల్స్ వాడవచ్చునా?

పిండిచేతులు
వాడవచ్చు గానీ, నేను మెచ్చుకోను. అవి సన్నగా ఉంటాయి, సాస్‌లో మళ్లీ ఉడికేసరికి మెత్తబడి ముద్దవుతాయి. వాటికంటే డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసిన మాకరోనీ గానీ, మెలితిరిగిన ఫ్యూసిలీ గానీ నయం. ఆ గోధుమలో మాంసకృత్తులు ఎక్కువ, ఉడికినా కట్టు విడవదు. మెలికల్లో సాస్ కూడా నిలుస్తుంది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక డ్యూరమ్ అని ఉందో లేదో చూసుకోండి, వట్టి మైదాతో చేసినవీ బజారులో ఉన్నాయి.

తెల్లకవ్వం
చెప్పినట్టే రాస్తున్నాను. ఇది నలుగురైదుగురికి సరిపోయే కొలత.

మాకరోనీ లేదా ఎండు నూడుల్స్ 200 గ్రాములు. 185 గ్రాముల ట్యూనా డబ్బాలు రెండు. ఒక ప్యాకెట్ పుట్టగొడుగులు, అంటే 200 గ్రాములు. గుప్పెడు పచ్చి బఠానీలు. ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు. వెన్న 50 గ్రాములు, మైదా 50 గ్రాములు, పాలు ముప్పావు లీటరు. చీజ్ 100 గ్రాములు, అంటే అమూల్ క్యూబులు నాలుగు. ఉప్పు, మిరియాల పొడి.

ముందుగా పుట్టగొడుగులు. వీటిలో నూటికి తొంభై పాళ్లు నీరే. పలుచగా తరిగి, వెడల్పైన బాణలిలో చెంచాడు నూనె వేసి, పెద్ద మంట మీద వేయించండి. కాసేపటికి బాణలి నిండా నీరు ఊరుతుంది. చాలామంది అక్కడే దింపేస్తారు. ఆ నీరంతా ఇగిరి, ముక్కలు మళ్లీ చిటపటలాడి, అంచులు గోధుమ రంగుకు తిరిగే దాకా ఆగాలి. డబ్బా సూప్‌లో రాని కమ్మదనం అక్కడ పుడుతుంది. అందులోనే సన్నగా తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లి వేసి మెత్తబరచి పక్కన పెట్టుకోండి.

తర్వాత సాస్. అడుగు మందంగా ఉన్న గిన్నెలో వెన్న కరగనిచ్చి, నురుగు తగ్గుముఖం పట్టగానే మైదా వేసి, సన్న సెగ మీద రెండు నిమిషాలు కలుపుతూ ఉండండి. పచ్చి పిండి వాసన పోయి, బిస్కెట్ వాసన రావాలి. రంగు మాత్రం మారకూడదు. ఇప్పుడు చల్లని పాలు ఒక్కసారిగా కాకుండా, మొదట అర గ్లాసు పోసి కవ్వంతో గట్టిగా తిప్పండి. ముద్దలా బిగుస్తుంది, భయపడవద్దు. మరో అర గ్లాసు పోసి తిప్పండి. ఉండలు లేకుండా జారుగా వచ్చాక మిగతా పాలు కాస్త ధైర్యంగా పోయవచ్చు. చిన్న చిన్న బుడగలు వచ్చాక అయిదారు నిమిషాలు అడుగంటకుండా కలపండి. గరిటె వెనుక భాగానికి సాస్ పూతలా అంటుకొని, వేలితో గీస్తే ఆ గీత పూడుకుపోకుండా నిలవాలి. అది సరైన పాకం. గేదె పాలు గానీ, వెన్న శాతం ఎక్కువున్న ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలు గానీ వాడేవారు కప్పు పాలకు బదులు కప్పు నీళ్లు కలుపుకోవచ్చు, లేకపోతే రెండు ముద్దలకే ముఖం మొత్తుతుంది.

దింపి, తురిమిన చీజ్, పుట్టగొడుగులు, మిరియాల పొడి కలపండి. ఉప్పు మాత్రం చివర రుచి చూశాకే వేయండి. వెన్న, చీజ్, ట్యూనా మూడింటిలోనూ ఉప్పు ముందే ఉంటుంది.

మాకరోనీ ప్యాకెట్ మీద రాసిన సమయం కంటే రెండు నిమిషాలు ముందే వార్చండి. కొరికితే మధ్యలో సన్నని పలుకు తగలాలి. ఆ మిగిలిన ఉడుకు సాస్‌లో పూర్తవుతుంది. ఉడికిన నీళ్లు ఒక గ్లాసు దాచుకోండి. అన్నీ సాస్‌లో కలిపాక చూడడానికి కొంచెం పలుచగా, ఎక్కువైందేమో అనిపించాలి. మాకరోనీ తాగేసి సరైన చిక్కదనానికి తానే వస్తుంది. అప్పుడే చిక్కగా ఉంటే, పొయ్యి మీద నుంచి వచ్చేసరికి గట్టిపడి కత్తితో కోయవలసి వస్తుంది. అందుకే ఆ దాచిన నీళ్లు.

ట్యూనా అన్నిటికంటే చివర. డబ్బాలోని చేప ముందే ఉడికి ఉంటుంది. నూనె లేదా ఉప్పునీరు వార్చి, ముక్కలను వేళ్లతో పెద్ద పెద్ద పెచ్చులుగా విడదీసి, గరిటెతో రెండు మూడు తిప్పులతో ఆపేయండి. ఎక్కువ కలిపితే పీచు పీచై సాస్‌లో మాయమవుతుంది.

పటమట_వంటిల్లు
ఇంత వివరంగా రాసినందుకు ఎంతో సంతోషం. చీజ్ ఏది వాడాలో కూడా చెప్పండి. మా ఇంట్లో పిజ్జా కోసం తెచ్చిన మొజరెల్లా ఉంది.

తెల్లకవ్వం
మొజరెల్లా పైన చల్లడానికి ఉంచండి. సాస్‌లో కలిపితే తీగలుగా సాగి చెంచాకు చుట్టుకుంటుంది. ప్రాసెస్డ్ చీజ్‌లో కొవ్వు, నీరు విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు కలుపుతారు కాబట్టి, అది సాస్‌లో తేలికగా కరిగి నునుపుగా కలిసిపోతుంది. ఈ పనికి మన మామూలు క్యూబులే మేలు.

మిర్చియార్డు_పక్కనే
చదువుతూ ఉంటే నోరూరుతోంది గానీ, ఇంత పెద్ద వంటలో కారం మిరియాల పొడి చిటికెడేనా? గుంటూరులో ఇది వడ్డిస్తే మా వాళ్లు ముందు పచ్చడి జాడీ ఎక్కడుందని అడుగుతారు. వెన్న కరిగినప్పుడే సన్నం రకం ఎండుమిరపకాయలు నాలుగు చిదిమి వేసి, నాలుగు పచ్చిమిరపకాయలు, కాస్త గరం మసాలా తగిలిస్తే మన నాలుకకు తగ్గట్టు ఉంటుందని నా అభిప్రాయం. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు కారాన్ని పట్టేస్తుంది కాబట్టి ఆ మాత్రం మిరపకాయలు వేసినా మంట అంతగా తెలియదు.

తెల్లకవ్వం
ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. ఆ అమ్మాయి అడిగింది జ్వరం తగ్గిన రోజున తిన్న వంట. మనకు నలతగా ఉన్నప్పుడు ముద్దపప్పు, నెయ్యి కలిపిన మెత్తటి అన్నం ఎలా ఊరటనిస్తుందో, అక్కడివారికి ఇది అలాంటిది. ముద్దపప్పులో గరం మసాలా వేస్తామా? చప్పదనం ఇందులో లోపం కాదు, అది కావాలనే ఉంచుకున్న గుణం. పాలు, పుట్టగొడుగులు, చేప మూడింటి సన్నని రుచులు గరం మసాలా కింద అణిగిపోతాయి.

మిర్చియార్డు_పక్కనే
ముద్దపప్పు మాట ఒప్పుకుంటాను. అయితే ముద్దపప్పు పక్కన ఆవకాయ ఉంటుంది కదా. గరం మసాలా వదిలేస్తాను. మిరపకాయల మీద మాత్రం వెనక్కి తగ్గను.

సాగరతీరం
మీ ఇద్దరి మాటా నిలిచే దారి ఒకటుంది. కారాన్ని సాస్‌లో కాక, పైన చల్లే కరకరలాడే పొరలో పెట్టండి. వెన్నలో బ్రెడ్ పొడి వేయించేటప్పుడు కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి సగం గిన్నె మీదికి మాత్రం కలిపితే, కారం కావాలన్నవారు ఆ సగం తింటారు.

మిర్చియార్డు_పక్కనే
ఇది న్యాయంగా ఉంది.

మొగల్రాజపురం_అమ్మమ్మ
అందరూ రుచి గురించి మాట్లాడుతున్నారు గానీ, ఆ తల్లి అడిగిన అసలు మాట దాటేశారు. చేప, పాలు కలపకూడదన్నది మా పెద్దల నుంచి మాకు వచ్చిన మాట. మా ఇంట్లో చేపల పులుసు వండిన పూట పెరుగు కూడా వడ్డించేవారు కాదు. అత్తగారి మనసు కష్టపెట్టి చేసిన వంట ఎంత కమ్మగా ఉన్నా ఒంటికి పట్టదమ్మా.

బ్రాడీపేట_పాఠకుడు
అమ్మమ్మగారు చెప్పిన నియమానికి చాలా పాత మూలం ఉంది. చరక సంహిత సూత్రస్థానంలో విరుద్ధాహారాలను చెప్పేచోట, చేపలను పాలతో కలిపి తినకూడదని స్పష్టంగా ఉంది. కాబట్టి దీనిని ఎవరో ఇంట్లో పుట్టించిన మూఢనమ్మకమని కొట్టిపారేయడం సరి కాదు. ఆ శాస్త్రంలో దానికొక తర్కం ఉంది. అయితే ప్రపంచంలో చాలా ప్రాంతాల్లో తరతరాలుగా చేపను పాలతో, వెన్నతో వండుకొని తింటున్నారన్నది కూడా నిజమే.

కృష్ణలంక_వైద్యురాలు
బొల్లి గురించి వైద్యురాలిగా చెప్పవలసిన మాట ఒకటుంది. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలను మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున దెబ్బతీయడం వల్ల ఆ మచ్చలు వస్తాయి. చేప, పాలు కలిపి తినడం దానికి కారణం కాదు. ఆ నమ్మకం వల్ల బొల్లి ఉన్నవారిని తిండి విషయంలో నిందించడం చూసి నేను చాలా బాధపడ్డాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. అది అంటువ్యాధి కాదు, వారి తిండి వల్ల తెచ్చుకున్నదీ కాదు.

చేప పడనివారు, పాలలోని లాక్టోజ్ అరగనివారు ఉంటారు. వారికి ఇబ్బంది వస్తే అది ఆ ఒక్క పదార్థం వల్ల వచ్చినదే గానీ కలయిక వల్ల కాదు. ఇంట్లో గర్భిణులు ఉంటే మరో జాగ్రత్త. పెద్ద ట్యూనా చేపల్లో పాదరసం ఎక్కువ చేరుతుంది. డబ్బా మీద స్కిప్‌జాక్ అని గానీ లైట్ ట్యూనా అని గానీ ఉన్నది తీసుకుంటే పాదరసం తక్కువ. ఆల్బకోర్ అని రాసి ఉన్నదానిలో అంతకంటే ఎక్కువ ఉంటుంది.

చిన్నప్రశ్న
పెరుగులో నానబెట్టిన తందూరీ చేప హోటళ్లలో అందరూ తింటున్నారు కదా, దానికి లేని అభ్యంతరం దీనికి ఎందుకు?

మొగల్రాజపురం_అమ్మమ్మ
హోటల్లో తినేవారి సంగతి వేరు నాయనా, ఇంటి పొయ్యి మీద వండేది వేరు. డాక్టరమ్మ చెప్పిన మాట నేను కాదనను, బొల్లి ఉన్నవారిని నిందించడం పాపమే. కానీ డెబ్బై ఏళ్లు పాటించిన నియమాన్ని ఒక పూటలో వదలమంటే పెద్దవారికి ముద్ద దిగదు. అందుకని ఒక ఉపాయం చెబుతాను. చేపకు కొబ్బరి పాలు ఎప్పుడూ విరుద్ధం కాదు. కేరళలో చేపల కూర సగం కొబ్బరి పాలతోనే నడుస్తుంది. ఆవు పాలు, గేదె పాలు మానేసి కొబ్బరి పాలతో ఆ సాస్ కాచండి.

తెల్లకవ్వం
అమ్మమ్మగారి ఉపాయం చాలా బాగుంది. అలా చేసేవారికి రెండు మార్పులు చెబుతాను. వెన్న, చీజ్ కూడా పాల నుంచి వచ్చినవే కాబట్టి వాటిని కూడా మానాలా అని అత్తగారినే అడగండి. మానవలసి వస్తే మైదాను నూనెలో వేయించండి. పుట్టగొడుగులను మరింత ఎర్రగా వేయిస్తే చీజ్ లేని లోటు చాలావరకు తీరుతుంది. రెండోది, చిక్కటి మొదటి పాలు తెర్లనివ్వకూడదు, విరిగినట్టు నూనె తేలుతుంది. రెండోసారి పిండిన పలుచటి పాలతో సాస్ పూర్తిగా కాచి, మొదటి పాలు దింపే ముందు కలపండి. రుచి ఒహైయో రుచికి కొంచెం దూరం జరుగుతుంది, కానీ మెత్తదనం అలాగే ఉంటుంది.

పటమట_వంటిల్లు
అత్తగారిని అడిగాను. డాక్టరమ్మగారు రాసింది మా అమ్మాయే పక్కన కూర్చొని చదివి వినిపించింది. ఆవిడ శ్రద్ధగా విన్నారు. మనవరాలికి పాలతో చేసుకోవచ్చునని, తన వాటా మాత్రం కొబ్బరి పాలతో వేరే గిన్నెలో చేయమని అన్నారు. తానూ తింటానని అన్నందుకు నాకు కొండంత సంతోషం కలిగింది.

రాత్రి_భోజనం
నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఇప్పుడు నాకూ చేయాలని ఉంది. డబ్బా చేప ఎందుకు, బజారులో తాజా ట్యూనా దొరికితే అది ఇంకా మంచిది కదా?

సాగరతీరం
మాది నిజాంపట్నం వైపు, సముద్రపు చేపతోనే పెరిగాను. ట్యూనాను మా వైపు తూర అంటారు. తాజాది రుచిగా ఉంటుంది, కానీ ఈ చేప విషయంలో ఒక ప్రమాదం తెలిసి ఉండాలి. ట్యూనా కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. పట్టిన దగ్గర నుంచి మంచులో సరిగ్గా ఉంచకపోతే బాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మారుస్తుంది. అది తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి, వాంతులు వస్తాయి. ఎంత ఉడికించినా, వేయించినా హిస్టమిన్ పోదు, చూపుకు చేప బాగానే కనిపించవచ్చు కూడా. విజయవాడ ఎండల్లో మంచు లేని గంపలో ఉన్న తూరను నేనైతే కొనను. వంజరం కూడా అదే కుటుంబం చేప కాబట్టి దానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

తాజా చేపే కావాలనుకుంటే పండుగప్ప గానీ, కొరమీను గానీ తీసుకోండి. ఆవిరి మీద ఉడికించి, ముళ్లు తీసి, పెచ్చులుగా విడదీసి కలపండి. బొచ్చె, శీలావతి మన దగ్గర ఎంత విరివిగా దొరికినా దీనికి పనికిరావు, కండలో సన్నముళ్లు ఎక్కువ. పిల్లలు చెంచాతో గబగబా తినే వంటలో ముల్లు ఉండకూడదు.

పిండిచేతులు
డబ్బాలో నూనె రకం మేలా, ఉప్పునీటి రకం మేలా?

సాగరతీరం
ఈ వంటకు ఉప్పునీటి రకం చాలు, సాస్‌లో కొవ్వు ముందే ఉంది. నూనె రకమే చేతిలో ఉంటే ఆ నూనె పారబోయకుండా పుట్టగొడుగులు వేయించడానికి వాడండి, చేప రుచి దానిలోకి దిగి ఉంటుంది. కేరళలో తయారైన డబ్బాలు కూడా మన దుకాణాల్లో దొరుకుతున్నాయి, విదేశీ సరుకే కావాలని వెతకనవసరం లేదు. డబ్బా ఉబ్బి ఉన్నా, అంచు దగ్గర సొట్ట పడి ఉన్నా తీసుకోవద్దు.

రాత్రి_భోజనం
ఓవెన్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. నా గదిలో ఉన్నది ఒక గ్యాస్ పొయ్యి, ఒక కుక్కర్ మాత్రమే. కేకులకు చేసినట్టు కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి, లోపల గిన్నె పెట్టి కాల్చవచ్చునా?

తెల్లకవ్వం
వస్తుంది. పది నిమిషాలు ఖాళీగా వేడెక్కించి, స్టాండ్ మీద గిన్నె పెట్టి, సన్న సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచితే లోపలంతా కుతకుతలాడుతుంది. నీళ్లు పోయకూడదు, గ్యాస్కెట్ తీయడం మరువకూడదు. అయితే పైభాగం ఎర్రబడదు, ఆవిరికి చెమ్మగా ఉంటుంది.

పిండిచేతులు
కుక్కర్‌ను నీళ్లు లేకుండా కాల్చడం నాకు నచ్చదు, దాని అడుగు పాడవుతుంది. అసలు ఇందులో పచ్చిగా ఉన్నది ఏదీ లేదు కదా. నూడుల్స్ ఉడికినవి, చేప ఉడికినది, సాస్ కాగినది. ఓవెన్ చేసేది రెండే పనులు, అన్నీ ఒకదానిలో ఒకటి ఇంకేటట్టు వేడిచేయడం, పై పొరను కరకరలాడించడం. మొదటి పనికి దళసరి గిన్నెలో మూతపెట్టి, కింద పెనం వేసి, సన్న సెగ మీద పది నిమిషాలు ఉంచితే చాలు. రెండో పనిని విడిగా చేసుకోవాలి. బాణలిలో వెన్న వేసి, రెండు బ్రెడ్ ముక్కల పొడిని బంగారు రంగు వచ్చే దాకా వేయించి పక్కన పెట్టుకొని, వడ్డించే ముందు మాత్రమే చల్లండి. ముందే చల్లితే మెత్తబడిపోతుంది.

మిర్చియార్డు_పక్కనే
బ్రెడ్ పొడికి బదులు స్వగృహ దుకాణాల్లో దొరికే ఆలూ చిప్స్ చేత్తో నలిపి చల్లితే ఎలా ఉంటుంది?

బ్రాడీపేట_పాఠకుడు
అది అమెరికాలో కూడా ఉన్న పద్ధతే. నలిపిన చిప్స్, కార్న్‌ఫ్లేక్స్, వేయించిన ఉల్లిపాయలు, బ్రెడ్ పొడి, ఎవరింటి అలవాటు వారిది. మనం బిర్యానీకి వేయించి పెట్టుకునే ఉల్లిపాయలు కూడా దీని మీద చాలా బాగుంటాయి. చిప్స్ వాడితే సాస్‌లో ఉప్పు ఇంకొంచెం తగ్గించండి.

చిన్నప్రశ్న
ఓవెన్ ఉన్నవారికి కొలత చెప్పండి.

తెల్లకవ్వం
180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముందే వేడెక్కించి, మూత లేకుండా 20 నుంచి 25 నిమిషాలు. అంచుల వెంట సాస్ బుడగలు వస్తూ, పైన బంగారు రంగు తిరిగితే అయినట్టే. తీసిన వెంటనే వడ్డించకుండా పది నిమిషాలు ఆగండి, సాస్ కుదురుకుంటుంది. అంతకంటే ఎక్కువసేపు కాలిస్తే పాలన్నీ ఇగిరి పొడిబారుతుంది. చాలామందికి ఈ వంటకం నచ్చకపోవడానికి ఆ పొడితనమే కారణమని నా నమ్మకం.

పటమట_వంటిల్లు
బఠానీలు ఎప్పుడు వేయాలో ఎవరూ చెప్పలేదు. ఇంకో సందేహం, పులుపు అస్సలు ఉండదా? నాకు చేప అంటే చింతపండు గుర్తుకు వస్తుంది.

సాగరతీరం
ఫ్రీజర్ బఠానీలైతే మాకరోనీ వార్చడానికి ఒక్క నిమిషం ముందు అదే నీళ్లలో వేసి, కలిపి వార్చండి, పచ్చదనం నిలుస్తుంది. చలికాలంలో కాళేశ్వరరావు మార్కెట్‌లో తాజా కాయలు దొరికినప్పుడు ఒలిచి వేస్తే రుచే వేరు, వాటికి మూడు నాలుగు నిమిషాలు కావాలి.

చింతపండు మాత్రం దగ్గరికి రానివ్వకండి, పాలు విరుగుతాయి. పులుపు కావాలంటే పళ్లెంలో వడ్డించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. చేప వాసన సరిపెట్టి, పాల బరువును తేలిక చేస్తుంది.

పటమట_వంటిల్లు
ఆదివారం చేస్తున్నాను. పాలతో పెద్ద గిన్నె, కొబ్బరి పాలతో చిన్న గిన్నె. పెద్ద గిన్నె మీద సగం ఎండుమిర్చి పొర వేస్తాను, మా వారు గుంటూరు మనిషి. ఇంత చేస్తే కొంత మిగులుతుంది. మర్నాటికి ఉంచవచ్చునా?

కృష్ణలంక_వైద్యురాలు
ఉంచవచ్చు. మన వేడికి గంటకు మించి బయట ఉంచకండి. వడ్డన అయిన వెంటనే లోతు తక్కువ ఉన్న డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజుల దాకా బాగుంటుంది. తెరిచిన ట్యూనా డబ్బాలో చేప మిగిలితే దానిని ఆ రేకు డబ్బాలోనే ఉంచకుండా గాజు గిన్నెలోకి మార్చండి.

తెల్లకవ్వం
మర్నాటికి మాకరోనీ సాస్‌నంతా తాగేసి గట్టిగా ఉంటుంది. తినేంత మేరకు తీసుకొని, నాలుగైదు చెంచాల పాలు పోసి, మూతపెట్టి సన్న సెగ మీద మధ్యమధ్య కలుపుతూ వేడిచేయండి. అత్తగారి గిన్నెకు కొబ్బరి పాలే పోయండి. బ్రెడ్ పొడి కూడా ఆ పూటకు సరిపడా తాజాగా వేయించుకుంటే బాగుంటుంది.